మూడొందల మైళ్ళకు కుదిరిన బేరం

ఉదయగిరిలో కిరసనాయిలుతో మోటారు సైకిలు నడిపిన మొదటివాణ్ణి నేనే. రెండోవాడు లేడు. పెట్రోలుకు డబ్బులు పోసేవాళ్ళను చూసి నాలుగు నెలలు నవ్వుకున్నాను. అంతటితో ఆగలేదు. ఎనిమిది గంటల బస్సులో కాళ్ళు చాపుకుని ఆత్మకూరు పోవలసిన మా నాయనకు ఆ బస్సు మాన్పించి, నా బండి వెనక కూర్చోబెట్టుకున్నాను. ఇంత తెలివైన పని మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ చెయ్యలేదు.

నాయన ఆ రోజు ఆత్మకూరులో ఒక కొట్టు కొనాలి. బజారు మలుపులో ఉండే పాత కొట్టు. పన్నెండేళ్ళ వయసులో ఆయన అందులోనే గుమాస్తాగా చేరాడట. పగలు పొట్లాలు కట్టి, రాత్రి ఆ అరుగు మీదే పడుకునేవాడట. ఉదయగిరికి వచ్చి అద్దె కొట్టు పెట్టి ముప్పై ఏళ్ళయినా, ఆత్మకూరు పోయినప్పుడల్లా ఆ అరుగు దగ్గర నిలబడి తలుపు చెక్కను వేలితో తట్టి వచ్చేవాడు. ఆ కొట్టు సొంతదారు ఒక అవ్వ. ఆరేళ్ళు అడిగించుకుని చివరికి సరేనంది. మద్రాసులో కూతురి దగ్గరికి పోతూ కబురు పంపింది. "సోమవారం పన్నెండు దాకా నీకోసం చూస్తా. ఆ పైన బట్టల కొట్టాయనకు వేలిముద్ర వేసి బస్సెక్కుతా. ఆయన డబ్బుతో కాచుకోనుండాడు."

నా బండి సంగతి చెప్పాలి. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు మద్రాసులో వేలం వేసిన సరుకు అది. ముగ్గురి చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. మూడో మనిషితో పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా బేరమాడాను. "గాలి పంపు కూడా తీసుకో, నన్నిడిసిపెట్టు సామీ" అని దండం పెట్టాడు. పెట్రోలు పోస్తే బండి చక్కగా నడిచేది. దానికి ఏ జబ్బూ లేదు. జబ్బు నాకే. ఇంట్లో అమ్మకానికి తెచ్చిన కిరసనాయిలు డబ్బాలు వరసగా పెట్టుకుని, ఆత్మకూరు పోయి పెట్రోలు కొనడమేమిటని కడుపు మండేది. రైతుల బావుల దగ్గర ఇంజన్లు పెట్రోలుతో మొదలై, వేడెక్కాక కిరసనాయిలుతో నడవడం చూశాను. నీళ్ళు తోడే ఇంజను తాగేది నా ఇంజను ఎందుకు తాగదు?

బెల్లం బస్తాల వెనక పెరట్లో పని మొదలుపెట్టాను. బిస్కత్తు డబ్బాకు మాటు వేయించి, చిన్న టాంకీ చేసి, పెద్ద టాంకీ పక్కన కట్టాను. దాన్నుంచి సన్నని రాగి గొట్టం తీసి, పొగ గొట్టం చుట్టూ ఏడు చుట్లు తిప్పాను. కిరసనాయిలు కాగితేనే కాలుతుంది. ఇంజను తల విప్పి, కింద ఇంకొక రాగి రేకు వేశాను. అలా వేస్తే లోపలి ఒత్తిడి తగ్గి ఇంజను టకటకా కొట్టుకోదు. ఆ రేకును బిందెలు చేసే ఆయన కత్తిరించి ఇచ్చాడు. పెట్రోలు నుంచి కిరసనాయిలుకు తిప్పే కుళాయికి ఇనప పిడి ఉంటే చెయ్యి కాలుతుందని, గరిటెలు చెక్కే ఆయన దగ్గర చెక్క పిడి అడిగాను.

"గరిటె చెయ్యమంటే చేస్తా. బండికేం వడ్డిస్తావు?" అన్నాడు.

"కిరసనాయిలు."

"కక్కుతుందిరా."

కక్కలేదు. పెట్రోలుతో లేపి, అర మైలు పోయాక చెక్క పిడి తిప్పితే ఒకసారి దగ్గి అందుకుంది. తెల్లటి పొగ, దీపం బుడ్డి వాసన. ఎత్తు మీద కొంచెం నీరసించేది కానీ సాఫు రోడ్డు మీద దాని చప్పుడు మెత్తబడింది. పెట్రోలు కంటే మెత్తగా పోతోందని అందరికీ చెప్పాను. నేనూ నమ్మాను. మా అమ్మ మాత్రం నా పంచెలు వేరే తొట్టిలో నానబెట్టేది.

ఆత్మకూరు బస్టాండు దగ్గర లారీలు బాగుచేసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. మిలిటరీలో పని నేర్చినవాడు. గొప్పగా తీసుకుపోయి చూపించాను. ఆయన ఇంజను ఆయిలు పుల్ల తీసి, వేళ్ళతో రుద్ది, వాసన చూశాడు.

"ఆయిలు నీళ్ళయిపోయింది సెట్టీ. కిరసనాయిలు సగం కాలకుండా కిందికి దిగి దీంట్లో కలస్తా ఉండాది. వంద మైళ్ళకొకసారి దించి కొత్తది పొయ్యాల."

"వందా? ఐదొందలు చేసుకో మేస్త్రీ."

"చేసుకునేదానికి నాదేముండాది ఇందులో?"

"నీ మాటొద్దు, నా మాటొద్దు. నాలుగొందలు."

"నూటయాభై. అది దాటితే నాకు తెలీదు."

నేను లేచి నాలుగు అడుగులు నడిచాను. బజారులో అలా నడిస్తే వెనక్కి పిలుస్తారు. ఆయనా పిలిచాడు. నా చేతిలో ఆయన పానా ఉండిపోయింది.

"మూడొందలు పెట్టుకో పో. నా పానా ఇచ్చిపో."

మూడొందలకు కుదిర్చినందుకు దారి పొడుగునా సంతోషపడ్డాను. ఒప్పుకోవలసింది ఆ మనిషి కాదని నాకు తోచలేదు. నేను పుట్టి పెరిగినచోట ఎవరు ఏ అంకె చెప్పినా అది మొదటి మాటే. దాన్ని కిందికో పైకో జరపడమే మా పని. జరగని అంకెలు ఉంటాయని మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. బస్సు ఎనిమిదికి. తర్వాతి బస్సు మధ్యాహ్నం రెండింటికి. రాహుకాలంలో నాయన గడప దాటడు. అమ్మ ముందురోజే ఉపాయం చెప్పింది. "తెల్లారి నాలుక్కే సంచి ఎదురింట్లో ప్రస్థానం పెట్టండి. అప్పుడే బయల్దేరినట్టు లెక్క. ఎనిమిది బస్సెక్కితే తప్పులేదు." నాయన సరేనన్నాడు. అక్కడ నేను కలగజేసుకున్నాను.

"సంచిని ఎదురింటికి మొయ్యడమెందుకు నాయనా? తొమ్మిది కొట్టినాక నా బండెక్కు. పదకొండున్నరకు అరుగు మీదుంటావు. బస్సు చార్జీ కూడా మిగలతాది."

"అది నమ్మకంగా పోతాదా రా?"

"పోతాది."

ఆయన నా మొహం చూసి, సంచి గూట్లో పెట్టేశాడు.

ఆయిలు మార్చి అప్పటికి రెండొందల అరవై మైళ్ళు. ఆత్మకూరు ముప్పై చిల్లర. బేరం ప్రకారం ఇంకా నాలుగైదు మైళ్ళు నాకు మిగులుతాయి. తొమ్మిదీ ఐదుకు బయల్దేరాం. నాయన నడుముకు డబ్బు కట్టుకుని, దస్తావేజుల సంచి మా ఇద్దరి మధ్య పెట్టుకున్నాడు. అనుమసముద్రంపేట ఇంకా ఆరేడు మైళ్ళుందనగా ఇంజను కీచుమంది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి అడ్డంగా జారింది. ఇద్దరం కంకర మీద పడ్డాం. నాయన మోకాలు చెక్కుకుపోయింది. ఆయన ముందు సంచి తడుముకున్నాడు.

చల్లారాక కిక్కు మీద ఎక్కి నిలబడ్డాను. కదలలేదు. పలచబడ్డ ఆయిలుతో పిస్టను సిలిండరులో పట్టేసింది. పొద్దు నడినెత్తికి వస్తోంది. రోడ్డు మీద రెండు వైపులా ఏమీ లేదు.

"ఎంతసేపు?" అన్నాడు నాయన.

"ఇది పోదు నాయనా."

ఆయన పంచె దులుపుకుని సంచి తీసుకున్నాడు. "బండి నీది, నువ్వుండు. కొట్టు నాది, నేను పోతా." కుంటుతూ నడిచాడు. వెంట పోదామనుకున్నాను. ఐదొందలు పెట్టి కొన్న బండిని రోడ్డు మీద వదిలి పోబుద్ధి కాలేదు. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. చాలాసేపటికి ఒక ఎడ్లబండి వస్తే దాని మీద మోటారు సైకిలు ఎక్కించి పేటకు చేర్చాను. అక్కడి దర్గాకు వచ్చినవాళ్ళు చుట్టూ చేరి చూశారు. నాకేమీ అనిపించలేదు. ఆకలి కూడా వెయ్యలేదు.

నేను ఆత్మకూరు చేరేసరికి సాయంత్రం. నాయన అరుగు మీద కూర్చున్నాడు. పేట దాకా నడిచి, అక్కడ ఏదో బండి పట్టుకుని మూడింటికి చేరాడట. అవ్వ ఒంటిగంట దాకా కూడా చూసి, బట్టల కొట్టాయనకు వేలిముద్ర వేసి వెళ్ళిపోయిందట. కొత్తాయన గుమాస్తా తాళం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనా, కొంచెం జరగండి. తలుపెయ్యాల."

నాయన జరిగాడు. తర్వాత లేచాడు. బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. నన్ను తిట్టలేదు. ఊరు దగ్గరపడుతుండగా, "దాంతో మొత్తం ఎంత మిగిలిందిరా?" అని అడిగాడు. వెటకారం లేదు. లెక్క అడిగేటప్పటి గొంతే. ఆ లెక్క తర్వాత వేశాను.

నాలుగు నెలల్లో పెట్రోలు మీద మిగిలింది పంతొమ్మిది రూపాయలు. మార్చని ఆయిలు మీద ఐదున్నర. డబ్బా, రాగి గొట్టం, రేకు, చెక్క పిడి కలిపి పదకొండు ఖర్చు. ఎడ్లబండికి రెండు. నాయన మోకాటికి టింక్చరు మూడణాలు. మద్రాసు నుంచి పిస్టను, సిలిండరు తొలిపించిన కూలి నూట నలభై. కొట్టు కోసం దాచిన డబ్బు వడ్డీకి తిరిగింది. అది మా అద్దెకు సరిపోయింది కాబట్టి ఆ రెండూ చెల్లు. నాయన ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికి, అద్దె కొట్లోనే పోయాడు.

మొత్తం నష్టం నూట ఇరవై ఎనిమిది రూపాయల పదకొండణాలు, నాయన కొట్టు.