ద్వాలవ్వ అయిదిళ్ల జావ

తండాలో ఏ బిడ్డకైనా తొలి తిండి ద్వాలవ్వ వేలితోనే నోట్లోకి పోవాలి. ఈ చట్టం ఎవరు చేశారంటే, ద్వాలవ్వే చేసింది. అయిదిళ్లకు పోయి తలా పిడికెడు గింజలు అడిగి తెస్తుంది, వేయిస్తుంది, విసురుతుంది, జావ కాస్తుంది. అయిదిళ్ల తిండి తిన్న బిడ్డకు తండా అంతా సొంతిల్లే అవుతుందని ఆమె నమ్మకం. నలభై ఏళ్లలో ఒక్క బిడ్డా ఉమ్మలేదని కోతలు కూడా కోస్తుంది. ఉమ్మినవాళ్లు ఇప్పుడు మీసాలు మెలేస్తున్నారు, వాళ్లకేం గుర్తుంటుంది!

సొంత మనవరాలు లాలికి ఆరో నెల నిండింది. కొడుకు కోటేష్, సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ మొద్దులు తోలే లారీని వాకిట్లో ఆపి మరీ కూర్చున్నాడు. లాలి మూడుసార్లు వేలు చప్పరించింది. నాలుగోసారికి ముఖం తిప్పేసింది. కాసేపటికి మూతి చుట్టూ, బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు. పిల్ల గుక్కపట్టింది.

లారీలోనే దవాఖానాకు పోయారు. డాక్టరు మందు పోశాడు. సాయంత్రానికి దద్దుర్లు తగ్గి, లాలి డాక్టరు జేబులో పెన్ను గుంజి నవ్వింది. నర్సు నాగలత మాత్రం నవ్వలేదు.

“ఏమేం కలిపినవ్ అవ్వా?”

“బియ్యం, జొన్నలు, రాగులు, కందులు, పెసలు. గంతే.”

“అన్నీ ఒక్కసారేనా? పడంది ఏందో ఎట్ల తెలుస్తది? ఒక్కోటి పెట్టుండ్రి. మూడు దినాలు చూసినంకనే ఇంకోటి. మళ్ల దద్దులొస్తే జల్దీ తీస్కరాండ్రి.”

ఇంటికి రాగానే కోడలు సువర్ణ గిన్నె తన దగ్గర పెట్టుకుంది. “అత్తమ్మా, సంగతి తేలేదాక నేనే పెడ్తా. నీ వేలు దూరం పెట్టు.”

ఆ మాట ద్వాలవ్వకు ఒంటికి కారం పూసినట్టు మండింది.

తండాలో ఇక ఒకటే గోల, ఏ ఇంటి గింజ అని. పెసలిచ్చిన మోతీ అందరికంటే ముందు లేచింది. “మా పెసలు తిన్న మా ఎద్దును చూడుండ్రి, ఎట్లున్నదో!”

“లాలి ఎద్దా ఏందే?” అంది సువర్ణ.

రోజూ పొద్దున్నే అయిదిళ్ల ఆడవాళ్లూ వచ్చి, పరీక్షా ఫలితాలు చూసినట్టు లాలి బుగ్గలు చూసేవారు. బియ్యం పాసైంది. జొన్నలు పాసయ్యాయి. రాగులు, కందులూ అంతే. పాసైన ఇంటావిడ గాజులు గలగలలాడించుకుంటూ పోయేది. ద్వాలవ్వ ముఖమే రోజురోజుకీ చిన్నదైపోయింది. ఎందుకంటే రొంటిన దోపుకున్న గుడ్డసంచిలో ఆరోది ఉంది. వేయించిన నువ్వుల పొడి. ప్రతి బిడ్డ జావలోనూ బలానికని ఎవరూ చూడకుండా చిటికెడు వేస్తుంది. ఈ గుట్టు కట్టుకున్న మొగుడు దేవ్లాకు కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబితే పిల్ల నోటికి తన వేలు మళ్లీ చేరదు.

పదమూడో రోజు సువర్ణ తేల్చేసింది. “ఇగ మిగిలినయి పెసలే. అవే అయ్యుంటయి. నేను పెట్టను.”

మోతీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తండా అంతా ఆమెవైపే చూసింది. ద్వాలవ్వ రెండడుగులు ఇంట్లోకి వేసి, మళ్లీ బయటికొచ్చింది.

“పెసలు కాదే. నువ్వులు.”

“ఏ నువ్వులు?”

ద్వాలవ్వ సంచి విప్పి చూపించింది. మోతీ ఏడుపు మధ్యలోనే ఆగింది. “ఓ ముసలీ! మా పిల్లలకు గూడ పెట్టినవా?”

“అందుకే గట్ల బలిసిండ్రు!”

మోతీయే ముందు నవ్వింది. సువర్ణ నవ్వాపుకుంటూ నాగలతకు ఫోన్ చేసింది. డాక్టరు చెప్పేదాకా నువ్వులు తాకించొద్దు, పెసలు కొంచెంగా పెట్టి చూడండి అంది ఆమె.

సువర్ణ సంచి లాక్కుని, అత్త చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించింది. “నిజం చెప్పినవ్ కాబట్టి గిన్నె ఇస్తున్న. పెట్టు.”

లాలి పెసరజావ చప్పరించి, కొత్తగా మొలిచిన పంటితో వేలు కొరికింది.

“వామ్మో, సచ్చిపోతినే!” అని ద్వాలవ్వ అరిచింది కానీ వేలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మూడు రోజులూ మోతీ ఆ వాకిలి వదల్లేదు. బుగ్గలు తేటగానే ఉన్నాయి. గిన్నె మాత్రం ద్వాలవ్వ ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.