బల్ల కింద సమురాయ్

నందిగామ నుంచి రోజూ బస్సులో జగ్గయ్యపేట వెళ్లి ఏడో తరగతికి సోషల్ చెబుతాను. మధ్యయుగ జపాన్ పాఠం నడుస్తున్న రోజుల్లో కీర్తన అనే అమ్మాయి క్లాసులో నోరు విప్పడం మానేసింది. వాళ్లమ్మది చిల్లకల్లు హైవే పక్కన టీ కొట్టు. "ఏయ్ టీ కొట్టూ, రెండు స్ట్రాంగ్!" అని పిల్లలు ఏడిపించేవారు. బడే మానేస్తుందేమోనని నాకు భయమేసింది.

వాళ్లమ్మను అడిగి ఫ్లాస్కు నిండా టీ తెప్పించాను. జపాన్‌లో టీ ఇచ్చే గదికి చిన్న గుమ్మం ఉండేదని, ఎంతటి సమురాయ్ వీరుడైనా కత్తి బయట పెట్టి, వంగి దూరాల్సిందేనని చెప్పాను. గుమ్మానికి బదులు బల్ల, ఇంటి యజమాని కీర్తన, సమురాయ్‌ని నేను.

చరిత్రలో నిలిచిపోదామనుకున్నవాణ్ణి సగం దూరి ఇరుక్కుపోయాను. సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి లోపలికొచ్చారు. ఆయనకు ముందుగా దర్శనమిచ్చింది నా వెనుకభాగమే.

"ఏంటండీ మాస్టారూ ఇది?"

వెనక్కి రాబోయి ఇంకాస్త ఇరుక్కున్నాను. క్లాసంతా బిగుసుకుపోయింది.

"సార్, ఫోను బయట పెట్టి వంగి రావాలండి. ఇక్కడ అందరూ ఒకటేనండి" అంది కీర్తన.

ఆయన నవ్వి, ఫోను కిటికీలో పెట్టి, పక్క బల్ల కింద నుంచి దూరి వచ్చారు. రెండు చేతులా గ్లాసు అందుకుని తాగారు.

"బావుంది తల్లీ. ఎవరు పెట్టారు?"

"మా అమ్మండి. చిల్లకల్లులో కొట్టు మాదేనండి!"

ఏడిపించిన పిల్లలే ఒకరి వెనక ఒకరు బల్ల కింద దూరడం మొదలెట్టారు. నన్ను బయటికి లాగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అంత హాయిగా నేనెప్పుడూ ఇరుక్కోలేదు.