కిటికీ బయటి కుర్చీ

మా గైడ్ టీచర్ పోయారన్న కబురు తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. చెప్పింది నేనొకప్పుడు ఏడో తరగతిలో పాఠం చెప్పిన పిల్ల. చేతిలో కిరసనాయిలు సీసా, బుగ్గలో చింతకాయ ముక్క.

"టీచర్, మన పెద్ద టీచర్ సచ్చిపోయింది, ఎరుకేనా?"

నేను నమ్మలేదు. వాళ్ళ నాయనమ్మ పోయిందని చెప్పి బడి ఎగ్గొట్టి, ఆ నాయనమ్మతోనే సంతలో గాజులు బేరమాడుతూ దొరికిపోయిన పిల్ల అది.

"ఎవరు చెప్పారే?"

"ఎవ్వరు చెప్పలే. నేనే పోయి చూసిన. పచ్చకామెర్లంట. వారాసిగూడల ఇంటి ముందట మస్తు మంది ఉన్నరు."

అప్పుడు చూశాను, ఆ పిల్ల బుగ్గలో చింతకాయ కదలడం లేదు. నమ్మాను. అలా ఆగి చూడడం నాకు నేర్పింది ఆవిడే. "పిల్ల చెప్పంగనే నమ్మకు. నమ్మనని గుడ అనకు. జరంత ఆగు. మొఖమే చెప్తది" అనేవారు.

ఆవిడ నాకు గైడ్‌గా ఉన్నది నేను యూనివర్సిటీలో బి.ఎడ్. చదివే రోజుల్లో. మా చదువులో కొన్ని వారాలు ఏదో ఒక బడికి వెళ్ళి నిజం పిల్లలకు నిజం పాఠాలు చెప్పాలి. నాకు లాలాగూడలో ఒక ఆడపిల్లల బడి పడింది. పిల్లలంతా రైల్వే క్వార్టర్ల వాళ్ళు. మేము చెప్పే పాఠాలు చూసి బాగోగులు చెప్పడానికి ఆ బడి టీచరే ఒకరు గైడ్‌గా ఉంటారు. ఆఖరున బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చి ఒక పాఠం వింటాడు. అందులో తప్పితే ఏడాదంతా తప్పినట్టే. తప్పితే నాకు కర్నూలు ప్రయాణమే. మా పెదనాన్న ఇంట్లో కూర్చుని కుట్టుమిషను తొక్కుకోవాలి. సర్కారు ఆఫీసులో పనిచేసే మా నాన్న ఆ మాట ఒకే ఒకసారి చెప్పాడు. మా నాన్న రెండుసార్లు చెప్పే మనిషి కాదు.

ఎవరు ఇక్కడివాళ్ళు, ఎవరు బయటివాళ్ళు అన్న మాట క్యాంపస్ క్యాంటీన్‌లో అప్పుడప్పుడే వేడెక్కుతోంది. నేను లోపలికి వస్తే పక్క బల్లమీద మాట మారిపోయేది. అందుకని ఆ ఏడు నాకు అందరి మీదా అనుమానమే. మా గైడ్ టీచర్ మీద ఇంకొంచెం ఎక్కువ.

దానికి కారణం ఆవిడ కుర్చీ. మా బ్యాచిలో మిగతావాళ్ళ గైడ్‌లు క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుని పాఠం చూసేవారు. ఈవిడ మొదటిరోజే తన కుర్చీ వరండాలోకి ఈడ్చుకుపోయి, కిటికీ కింద గోడకు ఆనించి, మాకు వీపు పెట్టి కూర్చున్నారు.

"లోపలికి రారా టీచర్‌గారూ?"

"నేను లోపటుంటె పోరీలు నన్ను చూస్తరు, నువ్వు గుడ నన్నే చూస్తవు. ఇగ పాఠమెవరు చూడాలె?"

మాట బాగానే ఉంది. కానీ చూడకుండా పాఠాన్ని ఎలా అంచనా కడతారు? వింటారు. ఏం వింటారు? నా యాస వింటారు. నా లెక్క అలా తేలింది. నేనెంత పుస్తకాల భాష మాట్లాడదామనుకున్నా కంగారులో "చూడండబ్బా", "యాడికి?" అని జారిపోయేది. మూడో బెంచీలో ఎవత్తో "అబ్బా!" అని సాగదీసేది. క్లాసంతా మట్టిగాజుల చేతులు నోటికి అడ్డం పెట్టుకునేది. అదే సమయానికి కిటికీ బయట కుర్చీ కిర్రుమనేది. ఆవిడ కూడా నవ్వుతున్నారని నేను ఖాయం చేసుకున్నాను.

ఇంట్లో మా అమ్మ ఆజ్యం పోసేది. "ఆయమ్మను నమ్మగాకు మే. బయట కూసోని అన్నీ ఇంటాందంటే ఏదో ఉండాది."

చిత్రమేమిటంటే, ఆవిడ నాకు నేర్పిందంతా అనుమానమే. "క్లాసు సప్పుడు లేకుండ ఉన్నదా, కుషీ కాకు బిడ్డా, అనుమానపడు. అందరు ఒక్కతీర్గ రాసిన్రా, ఇంకింత అనుమానపడు. అర్థమయిందా అని అడగనే అడగకు. అయిందనే అంటరు. మా పెండ్లిల అయ్యగారు అడిగితె నేను గుడ మంత్రాలన్ని అర్థమయినయనే అన్న."

నవ్వాను కానీ లోపల ముడి అలాగే ఉంది. ఇంకో మాట కూడా అనేవారు. అప్పుడు నాకది మతిలేని మాటలా తోచింది. "పోరీల చేతులు చూడకు, ఇను."

"చేతులు వినడమేమిటండీ?"

"ఇనొస్తయి తియ్."

ఎగ్జామినర్ వచ్చే రోజుకు మా బ్యాచిలో అందరూ ఒక ఏర్పాటు చేసుకుంటారు. చెప్పబోయే పాఠాన్ని ముందే ఒకసారి చెప్పేసి, చురుకైన పిల్లలకు జవాబులు పంచి, వాళ్ళను మొదటి బెంచీల్లో కూర్చోబెడతారు. మర్నాడు ఏ ప్రశ్న వేసినా ముందు వరసలో చేతులు టక్కున లేస్తాయి. నేనూ అదే చేశాను. నా పాఠం వానలు. అడగబోయే మొదటి ప్రశ్న "వాన ఎక్కడి నుంచి వస్తుంది?" "అరేబియా సముద్రం నుంచి" అన్న జవాబు మొదటి బెంచీకి కంఠతా వచ్చింది.

పొద్దున ఎగ్జామినర్ హెడ్‌మిస్ట్రెస్ గదిలో టీ తాగుతున్నారు. మా గైడ్ టీచర్ క్లాసులోకి వచ్చి, నా మొహం కూడా చూడకుండా, మొదటి బెంచీ వైపు వేలు ఆడించారు. "ఏయ్, లేవున్రి మీరంత. పోయి కిటికి కాడ కూసోన్రి. ఎనుక బెంచోళ్ళు ముందలికి రాన్రి."

వెనుక బెంచీ వాళ్ళు అన్ని వారాల్లో నాతో నోరు విప్పినవాళ్ళు కారు. అడిగేలోపలే ఆవిడ వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. అయిపోయింది, నన్ను ముంచేసింది, మా అమ్మే గెలిచింది అనుకున్నాను. కర్నూలు కుట్టుమిషను చప్పుడు చెవిలో వినబడింది.

ఎగ్జామినర్ వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. ప్రశ్న వేశాను. కిటికీ దగ్గర నేను జవాబు నేర్పిన పిల్ల చెయ్యి లేవబోయింది. బయట నుంచి ఒక దగ్గు. చెయ్యి దిగిపోయింది. ఇంకో పిల్ల ఎత్తబోయింది. ఇంకో దగ్గు. గొంతులో ఏమీ లేని దగ్గు అది. ఎవరైనా పోల్చుకుంటారు.

ముందు బెంచీలో, వర్క్‌షాపు ఫిట్టరు కూతురు, నాతో ఎన్నడూ మాట్లాడనిది, మెల్లగా లేచింది. "టాంక్‌బండ్ దిక్కు నుంచొస్తది టీచర్."

అందరూ గొల్లుమన్నారు. ఎగ్జామినర్ పెన్ను తీశారు. నాకిక పోయేదేమీ లేదు. ఆ తెగింపులో నోరు దానంతటదే మా ఊరికి పోయింది. "నవ్వద్దండబ్బా! నిజమే చెప్పింది. వాన ట్యాంక్‌బండ్ మీంచే వస్తాది. మరి ఆడికి యాడ్నుంచొచ్చె?"

"వికారాబాద్!" అంది ఎవరో.

"ఆడికి?"

"తాండూరు!" "వాడి జంక్షన్!" "గుల్బర్గా!"

రైల్వే పిల్లలు కదా, ఒక్కో స్టేషనే అరుచుకుంటూ వానను వెనక్కి తోలుకుపోయారు. షోలాపూర్ దాటింది, పూనా దాటింది, బొంబాయి చేరింది. "బొంబాయి అవతల?" అన్నాను. ఫిట్టరు కూతురు నిలబడే ఉంది. "అవతల పట్టాలు లేవు టీచర్. సముద్రమే" అంది.

నేను కట్టుకొచ్చిన చార్టు చుట్ట విప్పనేలేదు. నా యాసకు ఎవరైనా నవ్వారో లేదో నాకు తెలియదు.

హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఎగ్జామినర్ అన్న మాట తలుపు బయట నిలబడి విన్నాను. "మొదటి బెంచీ పిల్లే తప్పు జవాబు చెప్పిందండీ. అంటే ఇది నేర్పి తెచ్చిన క్లాసు కాదు." ఆయనా అనుమానపు మనిషే. గట్టెక్కాను.

వరండాలో మా గైడ్ టీచర్‌ను నిలదీశాను. "పిల్లల్ని ఎందుకు మార్చారు?"

"ఎండ తలుగుతున్నది వాళ్ళకు."

"పొద్దున ఆ గదిలోకి ఎండ రాదండీ."

"గట్లనా?"

"మరి ఆ దగ్గు?"

"వారాసిగూడ దుమ్ము." కొంగుతో మూతి తుడుచుకుని, నా వైపు పూర్తిగా తిరిగి చూశారు. ఆవిడ నన్నలా చూడడం అదే మొదలు. "నా మీద నీకు అనుమానమే గద? ఉండనియ్. మంచిదే. రేపటి సంది దాన్ని పోరీల దిక్కు తిప్పు. అన్నం పెడ్తది."

పెడుతోంది. ఇప్పుడు నేను ముషీరాబాద్‌లో ఒక బడిలో పనిచేస్తున్నాను. పిల్లలు ముందు బెంచీకి అలవాటు పడే లోపలే మార్చేస్తుంటాను. ఎందుకని అడిగితే ఎండ అంటాను. అయినా ఆవిడ ఆరోజు నన్ను ఒడ్డున వేయడానికే అలా చేశారా, లేక నాకు బుద్ధి చెప్పబోతే నా అదృష్టం అడ్డొచ్చిందా అన్నది తేలలేదు. నమ్మాలని ఉంటుంది. నమ్మాలని ఉన్నప్పుడే జాగ్రత్త అని కూడా ఆవిడే అన్నారు.

వారాసిగూడ వెళ్ళి ఇంట్లోవాళ్ళను పలకరించి, మూడోనాడు ఉండబట్టలేక లాలాగూడ బడికి పోయాను. క్యాంపస్ నుంచి ఈ ఏడు వచ్చిన అమ్మాయి ఎవరో లోపల పాఠం చెబుతోంది. వరండాలో ఆ కుర్చీ కిటికీ కింద అలాగే ఉంది. ఎవరూ తీయలేదు. కూర్చున్నాను. కిర్రుమంది.

ఆ అమ్మాయి మాటలు వినబడతాయనుకున్నాను. వినబడలేదు. గోడ మందమో, కిటికీ ఎత్తో, గొంతు కుండలో ఊదినట్టు వస్తోంది తప్ప ఒక్క మాటా తెలియడం లేదు. ఏ ఊరి యాసో అసలే తెలియడం లేదు. అన్ని వారాలూ ఆవిడ నా ప్రతి అక్షరం తూకం వేస్తున్నారనుకుని చెమటలు పట్టించుకున్నది ఈ గోడకు అవతలే. ఆవిడ చెవులు నా చెవులకన్నా చురుకేమో. ఇక అడగడానికి లేదు.

వినబడేవి వేరే ఉన్నాయి. బెంచీ కింద కాలు రాసుకోవడం. మూత తీసిన టిఫిను డబ్బా. తర్వాత, ఆ అమ్మాయి ఏదో ప్రశ్న అడిగినట్టుంది, గలగలమని గాజులు ఒక్కసారి మోచేతుల వైపు జారాయి. నేర్పిన చేతులు. అవి సద్దుమణిగాక, ఎక్కడో మూల నుంచి రెండే గాజులు మెల్లగా జారాయి, సగంలో ఆగాయి. ఇంకా పైకి పోలేదు, కిందికీ దిగలేదు.

లోపలి అమ్మాయి ఆ చెయ్యి చూసిందో లేదో. కుర్చీ కదలనివ్వకుండా వింటున్నాను.