సుదర్శనం సేటు జలాంతర్గామి

1992లో సూర్యాపేట బస్టాండుకు దగ్గర్లో నాకొక రేడియో, టీవీ రిపేరు దుకాణం ఉండేది. నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. దానివల్ల ఊళ్లో ఎవరికీ నష్టం జరగలేదు. రీలు మింగిన టేప్‌రికార్డర్లు, బొమ్మ వంకర తిరిగే టీవీలు, ఎన్నికల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న యాంప్లిఫయర్లు నా దగ్గరకు వచ్చేవి. చాలావాటిని నేను బాగుచేసేవాణ్ణి. కొన్ని నేను మూత విప్పగానే వాటంతటవే బాగయ్యేవి. ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరిని అడిగినా ఇందులో అతిశయోక్తి లేదనే చెబుతారు.

ఆ ఏడు వానలు తగ్గే రోజుల్లో ఒకాయన మిర్యాలగూడ బస్సు దిగి, గోనెసంచిలో చుట్టిన పొడవాటి వస్తువును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పెట్టుకుని దుకాణంలోకి వచ్చాడు. తెల్ల ధోవతి, నుదుట బొట్టు, చొక్కా మీద తవుడు మరకలు. చూడగానే రైసుమిల్లు యజమాని అని తెలిసిపోతోంది. బల్ల మీద పెట్టి గోనె విప్పాడు. లోపల నల్ల రంగేసిన పైపు. ఒక చివర గుండ్రటి ముక్కు, ఇంకో చివర ఇత్తడి రెక్కలు, నడుమ చిన్న గోపురం.

"ఇదేంది సేటూ, బోరు మోటరా?"

"సబ్‌మెరీను."

మా దుకాణానికి అంతవరకు సబ్‌మెరీను రాలేదు. అయినా గిరాకీ ముందు తెల్లబోకూడదన్నది వృత్తిధర్మం. రోజుకు రెండు మూడు చూసేవాడిలా, "ఏమైంది దీనికి?" అని అడిగాను.

"మునుగుతది."

"మునగాలె గద."

"తేలుతలేదు, ఇంజినీరు సాబ్."

నేను ఇంజినీరును కానని అప్పుడు చెప్పాను. తర్వాత కూడా రెండు మూడుసార్లు చెప్పాను. ఆ తర్వాత నాకే అలవాటైంది.

ఆయన పేరు సుదర్శనం. సముద్రం ఎన్నడూ చూడలేదు. ఈత రాదు. ఇంగ్లీషు పత్రికలో వచ్చిన ఒక బొమ్మను, మిల్లులో దొరికే సామాన్లను, కొన్నేళ్ల ఓపికను కలిపి ఈ పడవను కట్టాడు. ఒళ్లు బోరుబావికి వేసే పీవీసీ పైపు. మునగడానికి, తేలడానికి లోపల ఒక బ్యాలాస్ట్ ట్యాంకు ఉండాలి. అంటే నీళ్లు పీల్చి బరువెక్కే, నీళ్లు వదిలి తేలికయ్యే తొట్టి. దాని స్థానంలో ఆయన పశువుల దవాఖానలో బర్రెలకు సూదులేసే పెద్ద సిరంజిని పెట్టాడు. చిన్న మోటారు తిరిగితే సిరంజి పిడి వెనక్కి జరిగి నీళ్లు లోపలికొస్తాయి, పడవ మునుగుతుంది. ముందుకు జరిగితే తేలుతుంది. చేపల వలకు కట్టే సీసం గుండ్లతో బరువును ఎంత సున్నితంగా సరిచేశాడంటే, ఆ పడవ మునగడానికీ తేలడానికీ మధ్య తేడా ఒక చాయ్ గ్లాసెడు నీళ్లు. నేను మూత విప్పి చూసి, మళ్లీ మొదటి నుంచి చూశాను. పనిలో నాకు అరుదుగా జరిగే విషయమది.

పడవను నడిపేది హైదరాబాద్ సెకండ్‌హ్యాండ్ బజారులో కొన్న, బొమ్మ విమానాలకు వాడే రేడియో సెట్టు. చేతిలో ఉండే డబ్బా ట్రాన్స్‌మిటర్, ఆజ్ఞలు పంపుతుంది. పడవలో ఉండేది రిసీవర్, వింటుంది.

"సరే సేటూ, మిల్లు నడుపుకునే మీకు ఇదెందుకు?"

అప్పుడు చెప్పాడు. ఆయన భార్య అనసూయమ్మకు తల్లి చిన్నప్పుడే పోయింది. తమ్ముణ్ణి ఆమే పెంచింది. ఆ తమ్ముడు నేవీలో చేరి, విశాఖపట్నంలో నిజమైన సబ్‌మెరీనులో పని చేస్తున్నాడు. అది సముద్రంలోకి వెళ్లిందంటే వారాలకు వారాలు ఉత్తరం ఉండదు. ఆ వారాలన్నీ ఆమెకు అన్నం సయించదు. మునిగిన ఓడ మళ్లీ పైకొస్తుందన్న మాట ఆమెకు కథలా తోచేది.

"నోటితోని చెప్తే నమ్మదు. కండ్లకు సూపిద్దామని మొదలుపెట్టిన," అన్నాడు.

మొదటి పడవ వ్యవసాయ బావిలో మునిగి అక్కడే ఉండిపోయింది. రెండోది సాగర్ కాలువలో నీళ్లతో పాటు ఎవరి పొలానికి పోయిందో తెలియదు. మూడోదాని సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. భార్యకు ధైర్యం చెప్పాలని మొదలుపెట్టిన మనిషి, ఆమె కళ్ల ముందే మూడు సబ్‌మెరీన్లను ముంచాడన్నమాట.

"ఇగ ఇదొక్కటే మిగిలింది. ఇది గిట్ల మునిగితే, తమ్ముడు సెలవుకు రాంగనే ఒట్టు వేయించుకుని నౌకరీ మాన్పిస్తనన్నది. ఆమె మాట వాడు కాదనడు. ఆ పిల్లగానికి ఆ పని పానం, ఇంజినీరు సాబ్."

పడవను ఉంచుకున్నాను. మోటారు తిరిగినప్పుడు పుట్టే విద్యుత్ గోల రిసీవరుకు ఆజ్ఞలు వినపడనీయడం లేదని తేలింది. పెళ్లి బాజాల మధ్య ఫోను మాట్లాడినట్టన్నమాట. చిన్న కెపాసిటర్లు అతికించి ఆ గోల ఆపాను. వెనక రెక్కల ఇరుసు దగ్గర నీళ్లు కారుతుంటే, కోదాడలో హైవే మీద లారీలు బాగుచేసే మెకానిక్ దగ్గరకు పట్టుకెళ్లాను.

"ఈ సీలు ఏ బండికండీ?"

"సబ్‌మెరీనుకు."

ఆయన ఏమాత్రం తొణకలేదు. "డీజిలా, పెట్రోలాండీ?"

"బ్యాటరీ."

"అయితే లాంగ్ రూటుకి పనికిరాదండీ," అని చెప్పి, చక్కటి రబ్బరు సీలు బిగించి పంపాడు.

దుకాణం వెనక నీళ్ల డ్రమ్ములో వేసి చూశాను. మునిగింది. తేలింది. మళ్లీ మునిగింది, మళ్లీ తేలింది. ఇంత పరిపూర్ణమైన రిపేరు నేనెన్నడూ చేయలేదనిపించింది. ఇటువంటి ఆలోచన వచ్చినప్పుడే జాగ్రత్తపడాలని ఇప్పుడు తెలుసు.

ఒక ఆదివారం మిర్యాలగూడ వెళ్లాం. మిల్లులో వడ్లు నానబెట్టే సిమెంటు తొట్టి, మనిషి లోతు ఉంటుంది. బోరు నీళ్లతో నిండా నింపారు. అనసూయమ్మ వచ్చింది. సన్నటి మనిషి, సూటిగా చూసే కళ్లు. పిడికెడు ఉప్పు పడవ చుట్టూ తిప్పి, దిష్టి తీసి, ఆ ఉప్పును తొట్టి నీళ్లలోనే వేసింది. సుదర్శనం సేటు ట్రాన్స్‌మిటర్ మీదున్న చిన్న పుల్లను కిందికి వంచాడు. పడవ ముక్కు దించి, నీళ్లలోకి నిశ్శబ్దంగా జారిపోయింది. మోచేతి లోతు, నడుం లోతు, ఆ తర్వాత తొట్టి అడుగు. పుల్ల పైకి లేపాడు. పడవ కదల్లేదు. నేను తీసుకుని లేపాను. కదల్లేదు. ఏరియల్ పూర్తిగా లాగి, తొట్టి గోడెక్కి లేపాను. అది అడుగున పడుకుని మా ఇద్దరినీ చూస్తున్నట్టే ఉంది.

అనసూయమ్మ వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

పడవను తీయడానికి తొట్టి ఖాళీ చేయడం మొదలుపెట్టాం. నీళ్లు మోకాలి లోతుకు దిగేసరికి నేను పుల్లను ఇంకా పైకే పట్టుకుని ఉన్నాను. ఉన్నట్టుండి లోపల సిరంజి మోటారు జుయ్యిమంది. పడవ, ఏమీ ఎరగనట్టు, పైకి తేలింది.

"అనసూయా! నువ్వు ఉప్పేసినందుకే గిట్లయింది!" అని సేటు ఇంటివైపు అరిచాడు.

ఆమె గడపలోకి వచ్చింది. "పిడికెడు ఉప్పుకే ఖరాబయ్యేదాన్ని సముద్రంల నడుపుతవా? గీ బోరు నీళ్లల్ల పొద్దంత పెట్టినా పప్పు ఉడకది. పప్పే ఉడకని నీళ్లల్ల నీ రేడియో ఏం ఉడుకుతది?"

ఆమె అన్నది ఎత్తిపొడుపే. నాకు మాత్రం మూడేళ్ల ఫిజిక్స్ ఒక్కసారిగా గుర్తొచ్చింది. మా జిల్లా బోరు నీళ్లలో కరిగిన లవణాలు ఎక్కువ. పప్పు ఉడకకపోవడం అందుకే. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది. కరెంటు పారే నీళ్లు రేడియో తరంగాలను తాగేస్తాయి. డ్రమ్ములో లోతు తక్కువ కాబట్టి మాట అందింది. తొట్టి అడుగుకు అందలేదు. పడవలో ఏ లోపమూ లేదు. ఉప్పు పిడికెడే కాబట్టి ఆమె తప్పూ లేదు. సబ్‌మెరీనును వడ్లు నానబెట్టే తొట్టిలో పరీక్షించాలన్న ఆలోచన మాత్రం రైసుమిల్లులున్న ఊళ్లో తప్ప ఇంకెక్కడా పుట్టదు.

"సాగర్ నీళ్లు మెత్తటి నీళ్లు, లవణాలు తక్కువ. అందులో అయితే లోతుకు కూడా అందుతుంది," అన్నాను.

"రెండోది సాగర్ నీళ్లల్లనే పోయింది గద," అన్నాడు సేటు దిగులుగా.

అందుకని పడవను మళ్లీ దుకాణానికి తెచ్చి, అందులో ఒక ఫెయిల్‌సేఫ్ పెట్టాను. అంటే, ఏదైనా చెడితే యంత్రం తనంతట తాను క్షేమంగా ఉండే స్థితికి వెళ్లే ఏర్పాటు. రిసీవరుకు రేడియో మాట అందుతున్నంతసేపు ఇది ఊరుకుంటుంది. మాట ఆగిపోతే కొద్ది క్షణాలు ఎదురుచూసి, రిలే అనే చిన్న మీటను లాగి, సిరంజిలో నీళ్లను బయటకు తోసేస్తుంది. ఒక ఐసీ చిప్పు, ఒక రిలే, నాలుగు చిల్లర సామాన్లు. డ్రమ్ములో పని చేసింది. డ్రమ్ము మాట నమ్మడం అప్పటికే మానేశాను.

త్రిపురారం దగ్గర సాగర్ కాలువ నీళ్లు చేరే ఒక చెరువు ఉంది. ఒక ఉదయం మిల్లు జీపులో ముగ్గురం వెళ్లాం. అనసూయమ్మ రానని మొండికేసి, చివరికి వచ్చింది. తమ్ముడి దగ్గర నుంచి నెల దాటినా ఉత్తరం లేదని దారిలో సేటు నా చెవిలో చెప్పాడు. ఆమె ముఖం చూస్తే ఆ సంగతి చెప్పకుండానే తెలుస్తోంది.

నీళ్లు కదలకుండా ఉన్నాయి. పడవ ఒడ్డు నుంచి బయల్దేరి, తూము దగ్గర లోతున్న చోటుకు వెళ్లి, మునిగింది. గోపురం మాయమైంది. సేటు పుల్ల లేపాడు. పడవ లేచింది! ఇంకోసారి ముంచాడు. ఇంకోసారి లేచింది. ధోవతి తడిసిపోయిందని కూడా చూసుకోకుండా ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి, "సూసినవా? సూసినవా?" అంటున్నాడు. బట్టతల మనిషి, మిల్లు యజమాని, పదేళ్ల పిల్లాడిలా నవ్వుతున్నాడు.

అనసూయమ్మ నవ్వలేదు.

"నువ్వు రమ్మంటే వచ్చింది. బాగనే ఉన్నది. మా తమ్ముణ్ణి రమ్మనెటందుకు నా దగ్గర గీ డబ్బా ఉన్నదా?"

సేటు నవ్వు ఆగింది.

ఆమె నావైపు తిరిగింది. "తమ్మీ, అది అడుగున ఉండంగ ఈ డబ్బా బంద్ చేస్తే ఏమైతది?"

"పైకొస్తుందక్కా. అట్లా ఏర్పాటు చేశాను."

"చేసి సూసినవా?"

"డ్రమ్ములో చూశాను."

"ఇటియ్యి."

సేటు డబ్బాను గుండెకు హత్తుకున్నాడు. "వద్దే అనసూయా. బ్యాటరీలు దిగినయి. ఇంకోనాడు సూద్దాం."

"ఇంకోనాటికి వాడు సెలవుకొచ్చి ఇంట్ల ఉంటడు. ఒట్టు వేయించాల్నో వద్దో ఇయ్యాల్నే తేలాలె. ఇటియ్యి."

ఇచ్చాడు. ఆమె పుల్ల వంచింది. పడవ మునిగింది. నీళ్లు మూసుకున్నాయి. మేం చెప్పకుండానే స్విచ్చు ఎక్కడుందో వెతికి, దాన్ని కిందికి నొక్కింది. డబ్బా మీద ఎర్ర లైటు ఆరిపోయింది.

ఇక ఒడ్డున ఉన్నవాళ్లం చేయగలిగింది ఏమీ లేదు. నేను ఆ సర్క్యూట్‌లో ప్రతి సోల్డరింగు అతుకునూ మనసులో మళ్లీ తడిమాను. ఒకటి సరిగా వేడెక్కలేదేమోనని అనుమానం వచ్చింది, తర్వాత అన్నీ అలాగే అనిపించాయి. సేటు కళ్లు మూసుకున్నాడు. ఎక్కడో పొలంలో ఎవరో ఎడ్లను అదిలిస్తున్నారు. నీళ్ల మీద ఆకాశం తప్ప ఏమీ లేదు.

ముందు ఒక బుడగ వచ్చింది. తర్వాత నీళ్లు కొంచెం ఉబ్బినట్టయింది. నల్ల గోపురం, నీళ్లు కారుతూ, ఎవరినీ తొందరపెట్టకుండా, తన పని తనకు తెలిసినట్టు పైకి వచ్చి నిలబడింది. దాన్ని తయారుచేసినవాడు, బాగుచేసినవాడు ఇద్దరమూ అక్కడే ఉన్నాం. ఇద్దరమూ దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాం. అందులో ఏముందో, ఏ తీగ ఎక్కడికి పోతుందో నాకంతా తెలుసు. తెలిసినకొద్దీ ఆశ్చర్యం తగ్గుతుందని మాకు కాలేజీలో ఎవరో చెప్పారు. తప్పు చెప్పారు.

"ఎవరు చెప్పిన్రు దానికి, రమ్మని?" అడిగింది అనసూయమ్మ.

"ఎవరూ చెప్పలేదక్కా. ముంచకముందే లోపల పెట్టినం."

చాలాసేపు నీళ్లకేసి చూసింది. "గంత పెద్దదాన్ని కట్టినోళ్లు కూడ పెట్టే ఉంటరు గద?"

"పెట్టే ఉంటారు."

"మల్లొకపాలి," అంది.

బ్యాటరీలు నిజంగానే దిగిపోయేదాకా ముంచుతూ, డబ్బా బంద్ చేస్తూ కూర్చుంది. ప్రతిసారీ అది వచ్చింది. ఒట్టు మాట మళ్లీ ఎత్తలేదు. ఆ దీపావళికి తమ్ముడు సెలవుకు వచ్చి, సెలవు అయిపోగానే మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయాడని, బస్సెక్కించింది ఆమేనని సేటు చెప్పాడు. భయం పోయిందా అని అడిగితే, "పోలే. కానీ అన్నం తింటున్నది," అన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ పని చేశాను. అంతకుముందు ఏ యంత్రాన్నైనా, చెప్పినట్టు వింటోందా లేదా అని చూసి గిరాకీకి అప్పగించేవాణ్ణి. ఆ చెరువు తర్వాత, చెప్పేవాళ్ల మాట అందనప్పుడు ఏం చేస్తుందో కూడా చూడటం మొదలుపెట్టాను. టేప్‌రికార్డర్ల విషయంలో దీనివల్ల పెద్ద ప్రయోజనం లేదు. అయినా చూసేవాణ్ణి. మూత బిగించే ముందు, కట్టినవాడు దూరంగా ఉండే ఒక సమయం వస్తుందని, అప్పుడు లోపల పెట్టినదే దానికి దిక్కని గుర్తుచేసుకుని, ఇంకో అతుకును ఇంకొంచెం గట్టిగా వేసేవాణ్ణి.