దానియేలు మేస్త్రీ రెండో సాక్ష్యం

పోయిన నెల మా ఆయన దానియేలు మేస్త్రీ ఈ లోకం విడిచి వెళ్లిపోయాడు. ఇల్లందులో ఒకరి ఇంటి వరండాలో టైల్స్ పరుస్తూ, ఎడమ చెయ్యి లాగుతోందని గోడకు ఆనుకుని కూర్చున్నాడట. మంచినీళ్లు తెచ్చేలోపే ప్రాణం పోయిందట. నాకు ఫోను వచ్చేసరికి అన్నం వారుస్తున్నాను. "అక్కా, జల్దీ రా, మేస్త్రీకి బాగలేదు" అన్నారు. ఇదివరకు దెబ్బతిన్న మోకాలికే మళ్లీ తగిలి ఉంటుందనుకున్నాను. నొప్పికి రాసే మందు సీసా కొంగున ముడేసుకుని బస్సెక్కాను. అక్కడికి వెళ్లాక ఆ సీసా ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు.

నాకు చదువు రాదు. సంతకం వరకే. నేను చెబుతుంటే పాస్టరు గారి కోడలు రాస్తోంది. మా సంఘ పత్రికలో ఎవరు పోయినా ఉత్తముడు, ప్రార్థనాపరుడు, ధర్మశీలి అని వేస్తారు. ఆయనకూ వెయ్యండి, అబద్ధమేమీ కాదు. కానీ ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి. ఆయన ఒక్కడికే సరిపోయే సంగతి ఒకటుంది. దాని కోసమే కూర్చున్నాను.

ఆయనది మోకాళ్ల మీద బతికిన బతుకు. పగలంతా గోనెసంచి పరుచుకుని, మోకాళ్ల మీద జరుగుతూ టైల్స్ వేసేవాడు. భద్రాచలంలో, చర్లలో ఎన్ని ఇళ్లకు ఆయన నేల పరిచాడో లెక్క లేదు. శుక్రవారం సాయంత్రం గుడిలో మోకాళ్ల ప్రార్థన నడిపించేది కూడా ఆయనే. పనిలో పరిచిన గోనెసంచినే దులిపి అక్కడా పరిచేవాడు. "దేవుని ముందర మెత్త ఏసుకుంటరా ఎవరన్న?" అనేవాడు. మా గుడి నేల కూడా ఆయన పరిచిందే. కూలి తీసుకోలేదు.

పనిలో ఆయనకొక పట్టుదల ఉండేది. టైలు వేసిన మర్నాడు వేలి కణుపుతో కొట్టి వినేవాడు. కింద సిమెంటు నిండకపోతే బోలుగా మోగుతుంది. అలా మోగితే, పైన అద్దంలా మెరుస్తున్నా సరే, తవ్వి తీసేవాడు. భద్రాచలంలో ఒక ఇంటాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "పోనీలే మేస్త్రీ, కిందిది ఎవరు చూస్తరు?"

"రేపు మీ అమ్మ స్టూలు ఏసుకొని కూసుంటే పగులుతది సారూ. అప్పుడు అందరు చూస్తరు" అని సుత్తి దించాడు.

రెండేళ్ల క్రితం టైల్స్ పెట్టె భుజాన పెట్టుకుని మెట్లు దిగుతూ జారాడు. కుడి మోకాలు మెలిపడి కుండలా వాచింది. ఖమ్మంలో ఎముకల డాక్టరు ఫోటోలు తీయించి చూశారు. లోపల గుజ్జు ఎప్పటి నుంచో అరిగిపోతోందని, పైనుంచి ఈ దెబ్బ తగిలిందని చెప్పారు. మూడు నెలలు నేల మీద మోకాలు ఆనించొద్దన్నారు. తొడకు బలం వచ్చే కసరత్తు చూపించారు. ఈయన వదలకుండా అడిగాడు: "గుజ్జు పెరిగే గోలీ ఏదో ఉన్నదంట కదా సార్, టీవీల చెప్తరు."

"గ్లూకోసమైన్" అన్నారు డాక్టరు. "కొందరికి నొప్పి తగ్గినట్టుంటది, కొందరికి ఏమీ ఉండదు. పోయిన గుజ్జు మళ్లీ వస్తదని మాత్రం నేను చెప్పను. మూడు నెలలు వాడి చూడు, తేడా లేకపోతే మానెయ్. ఇది రొయ్యల పెంకులు, పీతల పెంకుల నుంచి తీస్తరు. అవి నీకు పడతాయా? షుగరుకు గానీ గుండెకు గానీ వేరే మందులేమైనా వాడుతున్నవా?"

"అన్నీ పడ్తయి సార్. ఏ గోలీ వాడలే ఇప్పటిదాంక" అన్నాడు ఈయన గర్వంగా.

బస్సులో వస్తూ నన్ను ఏడిపించాడు. "ఇన్నేండ్ల సంది రొయ్యలు ఒలిచి పెంకులు పెంటల పారేస్తివి. గిప్పుడు అవే డబ్బాల పోసి ఇస్తే కండ్లకద్దుకొని కొంటిమి."

"నీకు రొయ్యల కూరకంటే పెంకులే రుచిగున్నయని ముందే చెప్తే అవే వండుదును గదయ్యా" అన్నాను. ముందు సీట్లో ఆవిడ కూడా నవ్వింది.

గోలీలు తప్పకుండా వేసుకున్నాడు. కసరత్తు మాత్రం సిగ్గుపడుతూ చేసేవాడు. కాలికి ఇసుక సంచి కట్టుకుని, కుర్చీలో కూర్చుని, కాలు పైకి చాపి దించాలి. ఎవరైనా చూస్తే నవ్వుతారని తలుపు వేసుకునేవాడు. మూడు నెలలు పనికి పోలేదు. ఆ తర్వాత నొప్పి తగ్గింది. మెల్లగా మోకాలు నేలకు ఆనింది.

ఆ ఆదివారం గుడిలో సాక్ష్యాల వేళ ఆయన లేచాడు. మా దగ్గర సాక్ష్యం అంటే దేవుడు తనకు చేసిన మేలును నలుగురిలో నిలబడి చెప్పడం. ఆయన జేబులోంచి గోలీల డబ్బా తీసి పైకెత్తి చూపాడు. "డాక్టరు గుజ్జు రాదన్నడు. దేవుడు ఈ గోలీల రూపంల నా మోకాలు నాకిచ్చిండు!" అన్నాడు. అందరి ముందూ మోకాళ్లూని చూపించాడు. గుడి అదిరేలా స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. తలుపు వేసుకుని చేసిన కసరత్తు ఊసు ఎత్తలేదాయన. ఇసుక సంచి సంగతి చెబితే సాక్ష్యంలా ఉండదు కదా.

మా గుడిలో డోలక్ వాయించే యోసేపు బావ ఆయనకంటే పెద్దవాడు. చుట్టరికం లేకపోయినా అన్నదమ్ముల్లా మెలిగారు. యోసేపు బావకు గుండె కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా పల్చగా ఉంచే గోలీ రోజూ వేసుకుంటాడు. కింద కూర్చుని డోలక్ వాయించీ వాయించీ ఆయనకూ మోకాళ్ల నొప్పులే. సాక్ష్యం విని, అదే డబ్బా తెప్పించుకుని వాడాడు. ఎవరినీ అడగలేదు. దేవుడి గుడిలో విన్నదానికి డాక్టరును అడగడమేమిటని అనుకున్నాడు.

కొన్ని వారాలకు యోసేపు బావ కోడలు పరుగున వచ్చింది. "చిన్నమామా, మామకు పండ్ల చిగుళ్లకెల్లి రక్తం ఆగుతలేదు. ఒళ్లంత నల్లగ కమిలింది." ఈయన చేతిలో అన్నం ముద్ద పడేసి లేచాడు. ఆటో మాట్లాడి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం. ఆటోలో యోసేపు బావ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. తువ్వాలు ఎర్రగా అయింది. మా ఆయన ఆ తువ్వాలు వంకే చూస్తూ కూర్చున్నాడు.

అక్కడ డాక్టరమ్మ రక్తం చూసి, ఉండాల్సిన దానికంటే బాగా పల్చబడిందన్నారు. "ఈ మధ్య కొత్తగా ఏమైనా వాడావా తాతా?" అనడిగారు. కోడలు సంచిలోంచి డబ్బా తీసింది. డాక్టరమ్మ తిప్పి చూశారు. "నువ్వు వాడే గోలీతో ఇది కలిస్తే కొందరికి రక్తం ఇంకా పల్చనవుతది. అడగకుండా ఎందుకు మొదలుపెట్టినవ్?"

యోసేపు బావ తువ్వాలు తీసి, "మా దానియేలు సాక్ష్యం చెప్పిండమ్మా" అన్నాడు. నిందగా అనలేదు. గొప్పగానే అన్నాడు. అందుకే మా ఆయన తట్టుకోలేకపోయాడు. వార్డు బయట గోడ దగ్గర నిలబడి నాతో ఒకటే మాట అన్నాడు. "ఖమ్మం డాక్టరు నన్నడిగిన సంగతి నేను ఒక్కల్ని గూడ అడగకపోతినే, రూతమ్మా."

యోసేపు బావ బతికాడు. గోలీలు మాన్పించి, వైద్యం చేసి పంపారు. అక్కడితో అయిపోయిందని నేననుకున్నాను. ఆయనకు కాలేదు. పాస్టరు గారి దగ్గరకు వెళ్లి, వచ్చే ఆదివారం మళ్లీ నిలబడతానన్నాడు. నేనూ వెంట ఉన్నాను.

పాస్టరు గారు ఇబ్బంది పడ్డారు. "దానియేలూ, ఇచ్చిన సాక్ష్యం వెనక్కి తీసుకున్నోళ్లు మన సంఘంల లేరు. కొత్తగ వచ్చినోళ్లు దేవుణ్ణే అనుమానిస్తరు. ఇంటింటికి పోయి చెప్తే సరిపోదా?"

"దేవుణ్ణి వెనక్కి తీసుకుంటలేనయ్యగారూ. డబ్బాను తీసుకుంటున్న. నిలబడి చెప్పింది నిలబడే దిద్దాలె గద."

"సంఘ పెద్దవు. నీ మాటకు విలువ పోతది."

"పోనియ్యండి. బోలుగ ఉన్నదానికి విలువ దేనికి?"

ఆదివారం లేచాడు. ఈసారి చేతిలో ఏమీ లేదు. "నేను పోయినసారి చెప్పిన సాక్ష్యం కింద సిమెంటు లేదు" అని మొదలుపెట్టాడు. మూడు నెలలు పని మానుకున్న సంగతి, ఇసుక సంచి కట్టుకుని కాలు ఆడించిన సంగతి అన్నీ చెప్పాడు. "నా మోకాలు గోలీతోటి తగ్గిందో, కసరత్తుతోటి తగ్గిందో, పండుకుంటే తగ్గిందో నాకు తెల్వది. తెలిసినట్టు చెప్పిన. నా మాట విని గోలీలు వాడేటోళ్లు డాక్టరును అడగకుండ వాడొద్దు. నా అన్నకు నా నోటితోటి నేనే ప్రాణం మీదికి తెచ్చిన." అని యోసేపు బావ వైపు తిరిగి చేతులు జోడించాడు.

ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక నుంచి ఎవరో గొణిగారు, "గట్లయితే దేవుడేం చేసినట్టు?" అని. యోసేపు బావ డోలక్ పక్కన పెట్టి లేచాడు. "నన్ను బతికిచ్చిండు. ఇంకేం గావాలెరా నీకు?" అని కసిరాడు. అప్పుడు నవ్వారు అందరూ.

ఆ తర్వాత ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. గోలీలు కొన్నవాళ్లు మేమనుకున్న దానికంటే ఎక్కువే ఉన్నారు. గడపలో నిలబడి, వేరే ఏ మందులు వాడుతున్నారో అడిగేవాడు. తానేమీ తేల్చేవాడు కాదు. "డాక్టరుకు ఈ డబ్బా సుత చూపియ్యి" అని మాత్రం చెప్పేవాడు. కొందరు లోపలికి రమ్మన్నారు, కొందరు మొహం తిప్పుకున్నారు. ఒకామె, "మొన్న వాడుమంటివి, ఇప్పుడు అడుగుమంటివి, నీ మోకాలు సంగతేమో గానీ మేస్త్రీ, నీ నాలిక బాగ తిరుగుతది" అంది. ఆయన తల ఊపి, "అవ్ అక్కా, గిప్పుడన్న సక్కగ తిరగనియ్యి" అన్నాడు.

వానాకాలం వచ్చేసరికి మోకాలు మళ్లీ పట్టేసింది. తాను వాడే గోలీలతో తేడా తెలియడం లేదని డాక్టరుతో చెప్పి మానేశాడు. కసరత్తు మానలేదు. ఇప్పుడు తలుపు తీసే చేసేవాడు. పనిలో కూడా చిన్న పీట మీద కూర్చునే టైల్స్ వేసేవాడు. శుక్రవారం గుడికి ప్లాస్టిక్ కుర్చీ తీసుకుపోయి, అందరూ మోకాళ్ల మీద ఉంటే తానొక్కడే కుర్చీలో కూర్చుని ప్రార్థన నడిపించాడు. మొదటి వారం ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రెండో వారానికి వెనక ఒక ముసలామె తానూ ఒక కుర్చీ తెచ్చి వేసుకుంది. తర్వాత ఇంకొకరు. ఇన్నాళ్లూ పళ్లు కొరుక్కుని మోకాళ్లూనినవాళ్లు మాలో ఎంతమందో అప్పుడు తెలిసింది.

సత్యసంధుడు అనే మాట నాకు పలకడం కూడా సరిగా రాదు. పాస్టరు గారు సమాధి దగ్గర ఆ మాటే అన్నారు. నిజమే. అలాంటి మనిషితో కాపురం చేసిన భాగ్యం నాది. ఆయన లేని లోటు మా సంఘానికి తీరుతుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం తీరదు.

పోయిన ఆదివారం పాస్టరు గారు నన్ను లేపారు. "రూతమ్మా, ఈ దుఃఖంల ప్రభువు నీకిచ్చిన ఆదరణ గురించి ఒక్క మాట సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. భర్త పోయిన ఆడది మా గుడిలో ఆ మాట చెప్పాలి. అందరూ చెబుతారు. ప్రభువు నా కన్నీరు తుడిచాడు, నా గుండె నింపాడు అంటారు. ఆ మాటలు నాకు నోటికి వచ్చు. నిలబడ్డాను. మాట పెదవి దాకా వచ్చింది.

"అయ్యగారూ, నాకింకా ఆదరణ దొరకలే. దొరికినంక చెప్త" అని కూర్చున్నాను.

ఇంటికి నడుస్తూ, చెప్పింది సరిగ్గా ఉందా అని మా ఆయన్ను అడగబోయి పక్కకు తిరిగాను.