అమృతమ్మ బావి, మా హరిత పురస్కారం

మా యూనివర్సిటీకి హరిత పురస్కారం వచ్చింది. మెడలో వేసుకుని తిరగలేం కాబట్టి హాస్టల్ గోడకు మేకు కొట్టి తగిలించాం. మా మెస్‌లో ఒక్క మెతుకు కూడా వృథా కాదట. నేను ఆ హాస్టల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పేరు గంగాధర్, ఊరు నంద్యాల, కాపురం తార్నాకలో. కోపం ఎక్కువని ఇంట్లోనూ ఆఫీసులోనూ పేరు. ఈ సంగతంతా విన్నాక మీరే చెప్పండి, ఎక్కువో తక్కువో.

మెతుకు వృథా కాకపోవడానికి కారణం మా మేధావులెవరూ కాదు, అమృతమ్మ. కాంట్రాక్టు మనిషి. కంచాలు తోమే చోట నీలం డ్రమ్ముల పక్కన పీట వేసుకుని కూర్చుని, పిల్లలు వదిలేసిన అన్నంలోంచి నిమ్మచెక్కలు, పంటిపుల్లలు, సాస్ ప్యాకెట్లు, టిష్యూ కాయితాలు ఏరేది. కాబోయే శాస్త్రవేత్తలు కదా, అన్నంలో ఏమేం కలుపుతారో వాళ్లకే తెలియాలి. "ఎందుకమ్మా అంత శ్రమ, పందులకేగా?" అన్నానొకసారి. ఆమెకు ఒళ్లు మండింది.

"ఏంది సారు గట్లంటరు? నోరు లేని జీవాలు. పుల్ల గొంతుల ఇరుక్కుంటే ఎవలికి చెప్పుకుంటయి?"

డ్రమ్ములు రోజూ లారీ ఎక్కి ఎక్కడికో పోయేవి. ఎక్కడికని ఆమె అడగలేదు, మేమూ అడగలేదు. చెత్త మా గేటు దాటిందంటే ఇక లోకంలో లేనట్టే. విశ్వవిద్యాలయమంటే అంత విశాల దృష్టి మరి.

అమృతమ్మకు ఉన్నది ఒకే ఒక్క ఆశ. లాలాపేటలో రేకుల గది, కుళాయి దగ్గర బిందెల కొట్లాట ఇక చాలించి, ఘట్‌కేసర్ అవతల ఎర్రకుంటపల్లెలో తన సొంత జాగాలో రెండు గదులు వేసుకోవాలి. అక్కడ తల్లి నాటి చేదబావి ఉంది. "మా బావి నీళ్లు తాగితే మీ ఫిల్టర్ నీళ్లు ఉమ్మేస్తరు సారు" అని నన్ను ఊరించేది. పీట మీద కూర్చుని కూర్చుని మోకాళ్లు అరిగిపోయాయి. ఈ ఏడాది పని మానేసి అక్కడే ఉండిపోతానంది. ఎలాగో గోడలు లేచాయి, గృహప్రవేశానికి నన్నూ పిలిచింది.

ఉప్పల్ దాకా మెట్రో, అక్కణ్నుంచి బస్సు, ఆ తర్వాత ఆటో. ఊరు కనపడకముందే కంపు ఎదురొచ్చి స్వాగతం పలికింది. మామూలు కంపు కాదు నాయనా, ముక్కు మూసుకుంటే నోట్లోకొచ్చి కూర్చుంటుంది. అమృతమ్మ ఇంటి వెనక గోడ అవతల పందుల ఫారం, వరసగా పొడవాటి షెడ్లు. వాటిలో వేల పందులు. పడుకోవడమే తప్ప వెనక్కి తిరిగే చోటు కూడా లేదు పాపం వాటికి. పక్కన చెరువంత గుంట. అందులో ఉన్నది నీళ్లు కాదని వేరే చెప్పాలా? దానికి ఫారం వాళ్లు పెట్టిన పేరు 'పోషక జలాశయం'. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ వాడి కాళ్లకు మొక్కాలి. నిరుడు వానలకు ఆ జలాశయం పొంగి వాగులో కలిసింది, చేలల్లోకీ బావుల్లోకీ దిగింది. అప్పటికే అమృతమ్మ ఉన్నదంతా ఊడ్చి ఇంటి గోడలకు పెట్టేసిందట, నాకు మాత్రం ఆ మాట చెప్పనేలేదు.

పాలు పొంగించారు. పొంగిన పాలలో ఈగలు పడ్డాయి. చుట్టాలందరికీ ఆ పూట ఉన్నట్టుండి భక్తి పుట్టుకొచ్చింది. ఒకరికి గురువారం ఉపవాసమట, ఇంకొకరికి శనివారం మొక్కట. ఆ రోజు ఆదివారం. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు తినకుండా పోతే ఇల్లు అచ్చిరాదంటారు. అందుకని అమృతమ్మ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ బతిమాలింది. "జర రెండు బుక్కలు తిని పోండ్రి." ఎవరూ తినలేదు. నేను తిన్నాను. ఎలా తిన్నానో మాత్రం అడక్కండి.

బావిలోకి తొంగి చూశాను. పైన పచ్చటి తెట్టు, దాని మీద నురగ. చేద పైకి లాగితే అదే కంపు. పక్కింటి సామేలు ఒకప్పుడు నాలుగు పందులు మేపుకుని దర్జాగా బతికినవాడు. ఫారం వచ్చాక అతని పందుల్ని అడిగే దిక్కు లేదు, ఇప్పుడు ఆ షెడ్లే కడుగుతున్నాడు. దగ్గు ఆపుకుంటూ చెప్పాడు.

"గీ నీళ్లు తాగి పిల్లలు వాంతులు చేసుకున్నరు సారు. ఊరంత క్యాన్లు కొనుక్కుంటున్నది. పందులకైతే రోగం లేకున్నా రోజూ దాణల మందు కలుపుతరు. అడిగితే, ఊరికి పని ఇచ్చినం గద అంటరు."

నిజమే కదా! నీళ్లు పోతే పోయాయి, నీళ్ల క్యాన్ల వ్యాపారం వచ్చింది. అభివృద్ధి అంటే ఇంకేమిటి?

అంతలో ఒక లారీ వచ్చి ఫారం గేటు ముందు ఆగింది. దాన్నిండా నీలం డ్రమ్ములు, వాటి మీద తెల్ల రంగుతో మా హాస్టల్ పేరు. అమృతమ్మ నోటి మీద చెయ్యేసుకుంది.

"అయ్యో, గిన్ని దినాలు నా చేతులతోనే మేపిన గద సారు!"

కొత్త ఇంటి గడప మీదే కూలబడి ఏడ్చింది.

ఆ మరుసటి వారమే క్యాంపస్‌లో అభినందన సభ. ముఖ్య అతిథి భానుప్రకాశ్, ఆ ఫారం యజమాని, మా పూర్వ విద్యార్థి కూడానూ. మా ఎంగిలిని స్వీకరించి మమ్మల్ని ధన్యుల్ని చేస్తున్న మహానుభావుడు. మంచి సెంటు పూసుకుని వచ్చాడు. రైతుకు ఆదాయం, భూమికి బలం, నగరానికి శుభ్రత అంటూ చాలాసేపు దంచాడు. చివర్లో కార్మికుల తరఫున అమృతమ్మను వేదిక ఎక్కించి, శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమ్మా అని మైకు చేతికిచ్చారు. కృతజ్ఞతలు చెబుతుందని పెద్దలందరూ చిరునవ్వులు సిద్ధం చేసుకున్నారు.

ఆమె భానుప్రకాశ్ వైపు తిరిగింది.

"సారూ, మీ పందులకు గుచ్చుకోవద్దని ఇన్నేండ్లు అన్నంల నుంచి ఒక్కొక్క పుల్ల ఏరిచ్చిన. గిప్పుడు నా బావి నీళ్లల్ల మీ పందుల పెంట కలిసింది. మీరు గూడ ఏరియ్యుండ్రి. నాకు ఇంకో ఇల్లు లేదు, గాడనే బతకాలె. ఎప్పుడు ఏరిస్తరు సారు?"

భానుప్రకాశ్ పకపకా నవ్వి చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడని సభంతా కొట్టింది. వ్యాఖ్యానం చేస్తున్న అమ్మాయి గబగబా వందన సమర్పణ అందుకుంది. అమృతమ్మ చేతిలోని మైకు కట్టేశారు. ఆమె మాత్రం కదల్లేదు. జారిపోతున్న శాలువాను ఒక చేత్తో పట్టుకుని, వట్టి గొంతుతోనే అడుగుతూ ఉంది, "ఎప్పుడు సారు? ఎప్పుడు?" అని. ఆఖరి వరసలో నిలబడ్డ నాక్కూడా వినపడింది. భానుప్రకాశ్ ఆమె పక్కనే ఉన్నాడు.