నడక బాట మీద నెత్తళ్లు

ఇసుక గుంట గట్టు మీద చేపలు ఎండబెట్టుకునే అరుగు నా ఆలోచనే అని అందరూ మెచ్చుకుంటున్నారు. నిజం అది కాదు.

సముద్రం పక్కన ఇసుక తవ్వి వదిలేసిన ఆ గుంటలో ఒకప్పుడు నా లారీలూ తిరిగాయి. ఆ బాధతోనే దాన్ని ఊరికి పార్కుగా మార్చే పనిలో ముందు నిలబడ్డాను. గట్లు సర్ది, చెట్లు నాటి, చుట్టూ నడవడానికి రాళ్ల బాట పరిచాం. తవ్వినవాడు కట్టించిన చోటికి ఊరు వస్తుందా అన్నదే నా భయం.

తెరిచే రోజు పొద్దున్నే ఆత్రం పట్టలేక పరుగున వెళ్లాను. బాట నిండా ఆరబోసిన నెత్తళ్ల చేపలు! మా చేపల వీధి ఆడవాళ్లు ఒక్క రాయి కూడా వదల్లేదు.

"తీసేయండి! ఇది నడిచే దోవ" అని అరిచాను.

ఒకామె నడుం మీద చెయ్యేసుకుంది. "ఏందన్నా, ఇసక తోలుకుపోయేటప్పుడు మమ్మల్ని అడిగినావా? రాళ్లు కాగితే మాపటికల్లా ఎండిపోతాయి. నువ్వు గట్టు కింద నడువు, పొట్ట కరుగుద్ది!"

అందరూ గొల్లుమన్నారు. నాకూ నవ్వు ఆగలేదు. వస్తుందో రాదో అనుకున్న ఊరు నాకంటే ముందే వచ్చేసింది! ఎండ బాగా పడే ఆ గట్టు మీద వాళ్లకే అరుగు కట్టి, బాటను గుంటలో నిలిచిన నీళ్ల అవతలికి మళ్లించాం.

గాలి ఇటు తిరిగితే నెత్తళ్ల వాసన వస్తుంది. ఆ రోజు ఇంకో చుట్టు ఎక్కువ నడుస్తాను.